నవ్వు లోటు గృహం

మన పిల్లలు రోజుకు ఎన్నిసార్లు నవ్వుతున్నారో ప్రభుత్వం దగ్గర లెక్క లేదన్న సంగతి ఒక విదేశీ సదస్సులో బయటపడింది. భోజనాల దగ్గర పక్క కుర్చీలో కూర్చున్న ఏదో చలిదేశపు ప్రతినిధి, "మా దేశంలో అయిదేళ్ళలోపు పిల్లలు సగటున రోజుకు నూట పద్దెనిమిది సార్లు నవ్వుతారు. మరి మీ దగ్గర?" అని మన శిశు సంక్షేమ కమిషనర్ గారిని అడిగాడట. కమిషనర్ గారు చెంచా కింద పెట్టి, "కనుక్కుని చెబుతాం" అన్నారట. ఆయన విమానం దిగిన పదకొండో రోజున శిశు మందహాస మిషన్ పుట్టింది. ఇరవై మూడో రోజున అందులో నాకు ఉద్యోగం దొరికింది.

నా పేరు నూకరాజు. గణాంక శాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి నాలుగేళ్ళు ఖాళీగా ఉన్నాను. మిషన్‌లో నా హోదా గృహ గణకుడు. మూడు నెలల కాంట్రాక్టు, పని బాగుంటే పొడిగింపు. నాకు కేటాయించిన ఇంటికి పొద్దున్న ఏడింటికి వెళ్ళి, సాయంత్రం ఆరింటిదాకా హాల్లో కూర్చుని, ఆ ఇంటి పిల్లలు నవ్వినప్పుడల్లా ట్యాబ్ మీద ఆకుపచ్చ గడి నొక్కడం నా పని.

మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. నవ్వు అనగా కనీసం రెండు సెకన్లపాటు ధ్వనితో కూడి, పైవరస పళ్ళు, పళ్ళు రాని పక్షంలో చిగుళ్ళు, కనిపించునట్టి ముఖ కదలిక. ధ్వని లేనిచో అది మందహాసం. రెండు మందహాసాలు ఒక నవ్వుకు సమానం. కడుపులో గాలివల్ల వచ్చినది లెక్కలోకి రాదు. చక్కిలిగింతలు పెట్టి రాబట్టినది అక్రమార్జితం. విధి నిర్వహణలో గణకుడు నవ్వరాదు, ఎందుకంటే అది పిల్లలకు అంటుకుంటే ప్రేరేపిత నవ్వు అవుతుంది. ఒక్కో పిల్లవాడికి రోజుకు లక్ష్యం నూట ఇరవై. ఆ చలిదేశం కన్నా రెండు ఎక్కువ.

నెల తిరిగేసరికి లక్ష్యం చేరని ఇంటి గేటుకు 'నవ్వు లోటు గృహం' అని పసుపు బోర్డు కొడతారు. ఆ ఇంటి తల్లిని జిల్లా కేంద్రంలో ఇరవయ్యొక్క రోజుల హాస్య మాతృత్వ శిక్షణకు పంపుతారు. శిక్షణకు పిల్లలను వెంట తీసుకురారాదు.

నాకు పడిన ఇల్లు కొబ్బరి మార్కెట్ వెనక వీధిలో, మేడమీద రెండు గదుల వాటా. ఇంటాయన వెంకన్నబాబు బస్సు డిపోలో మెకానిక్కు. ఆరింటికల్లా డ్యూటీకి వెళ్ళిపోతాడు. నేను తలుపు కొట్టేసరికి ఆయన భార్య సుభాషిణి తీసింది. చంకలో పదినెలల పాప, చేతిలో అట్లకాడ, పళ్ళ మధ్య జడ క్లిప్పు.

"శిశు మందహాస మిషన్ నుంచండి. మీ పిల్లల నవ్వులు లెక్కపెట్టడానికి వచ్చాను."

ఆమె క్లిప్పు తీసి చేత్తో పట్టుకుంది. "ఏడుపులు లెక్కెట్టేవోళ్ళు రారాండి? అవైతే మా దగ్గర బోల్డున్నాయి."

"ఏడుపులకు గడి లేదండి."

"సర్లెండి, లోపలికి రండి. ఆ కుర్చీలో కూర్చోకండి, దాంట్లో మావాడు పాలు పోసేడు. ఇందులో కూర్చోండి. ఆగండాగండి, ఇందులోనూ పోసేడు."

నేను పొడిగా ఉన్న స్టూలు ఒకటి చూసుకుని కూర్చున్నాను. వేసవి సెలవులు కావడంతో ఇంటి బలగమంతా ఇంట్లోనే ఉంది. పెద్దది మోక్షితకు అయిదో ఏడు నడుస్తోంది. రెండోవాడు రిత్విక్‌కు మూడేళ్ళు. పాపకు పేరు హన్సిక అని పెట్టారు గానీ అందరూ 'అది' అనేవారు.

రిత్విక్ బస్సు అట్టు కావాలన్నాడు. సుభాషిణి అట్టును నలుపలకలుగా కోసి, కింద రెండు చిన్న అట్లు చక్రాల్లా పెట్టింది. వాడు చాలాసేపు చూసి, తలుపు లేదన్నాడు. ఆమె అట్లకాడ మొనతో తలుపు కోసింది.

"తలుపు తీసేసేవు! లోపలున్నోళ్ళు పడిపోతారు!" అని వాడు నేలమీద పడి దొర్లాడు.

"లోపలెవరున్నార్రా?" అంది మోక్షిత.

"నాన్న."

దాంతో మోక్షిత కూడా ఏడుపు మొదలెట్టింది. నాన్న బస్సులోంచి పడిపోతున్నాడని ఇద్దరూ కలిసి ఇరవై నిమిషాలు ఏడ్చారు. వాళ్ళను చూసి పాప ఏడ్చింది. సుభాషిణి నెయ్యి వేసి ఆ తలుపును తిరిగి అతికించింది. ఈలోగా స్టవ్ మీద పాలు పొంగిపోయాయి. నేను ట్యాబ్ వైపు చూశాను. నవ్వులు సున్నా.

ఆ రోజంతా అలాగే గడిచింది. నా ఎడమకాలి చెప్పు తాగేనీళ్ళ బిందెలో దొరికింది. రిత్విక్ స్నానం చేయించుకోనని మంచం కింద దూరితే, వాణ్ణి లాగడానికి వెళ్ళిన మోక్షిత కూడా అక్కడే ఇరుక్కుంది. పొద్దున్న ఏడింటికి మొదలుపెట్టిన జడను సుభాషిణి నాలుగున్నరకు పూర్తిచేసింది. మధ్యాహ్నం పాప ఒకసారి ఫ్యాను వైపు చూసి చిగుళ్ళు చూపించింది. నేను వేలు ఎత్తాను. మరుక్షణం దాని కడుపులోంచి చప్పుడైంది. నిబంధన ప్రకారం వేలు దించేశాను.

"మీరు రాకముందు బానే నవ్వేవోరండి," అంది సుభాషిణి, తప్పు చేసినదానిలా. "ఇప్పుడు మీరేం చేస్తారా అని చూత్తన్నారు."

నిజమే. ఖాళీ దొరికినప్పుడల్లా ముగ్గురూ నా ముందు వరసగా చేరి చూసేవారు. "అంకుల్, మీరు ఎప్పుడు నవ్వుతారు?" అని అడిగింది మోక్షిత.

"నవ్వకూడదమ్మా. రూలు."

"మీ అమ్మ పెట్టిందా?"

"కమిషనర్ గారు."

మోక్షిత "ఆయన మంచోడు కాదు," అని లోపలికి వెళ్ళిపోయింది.

వారాంతంలో సమీక్షా సమావేశం జరిగింది. జిల్లా మందహాస అధికారి పానకాలరావు గారు అధ్యక్షత వహించారు. ఆయన ముఖాన నవ్వు ఎవరూ చూసి ఎరగరు. నిబంధన గణకులకే అయినా ఆయన స్వచ్ఛందంగా పాటిస్తున్నారని చెప్పుకునేవారు.

"నవ్వుల సాధనలో మన జిల్లా అట్టడుగున కొట్టుమిట్టాడుతుండుట మిక్కిలి శోచనీయం," అన్నారాయన. "పొరుగు జిల్లాలో నాలుగు నెలల శిశువు ఒకే దినమున నాలుగు వందల పన్నెండు పర్యాయములు నవ్వి యున్నది. అందులో రెండు వందలు నిద్రావస్థలో. అది అంకితభావమంటే! ఇక్కడ నూకరాజు అనే గణకుడు ఎవరు?"

నేను లేచి నిలబడ్డాను.

"ముగ్గురు పిల్లలు. ఏడు రోజులు. మొత్తం పదకొండు నవ్వులు. ఏమిటిది?"

"వాళ్ళు అన్నే నవ్వారు సార్."

"నవ్వులు లేకపోవడం కాదయ్యా! నవ్వులను గుర్తించే సానుకూల దృక్పథం నీలో లేకపోవడం!" అని, అక్కడికక్కడే నాకు మెమో ఇచ్చారు.

బయటికొచ్చాక తోటి గణకుడొకడు నా భుజంమీద చెయ్యి వేసి, తనకు కేటాయించిన ఇంటి గడప ఇంతవరకు తొక్కలేదని, టీకొట్టులో కూర్చుని రోజుకు నూట ఇరవయ్యొకటి నొక్కుతున్నానని చెప్పాడు. నన్నూ అలాగే చెయ్యమన్నాడు. నేను చెయ్యలేకపోయాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. తప్పు అంకె వేస్తే నాకు చిన్నప్పట్నుంచీ ఒంట్లో బాగుండదు.

మర్నాడు మెమో సంగతి, బోర్డు సంగతి సుభాషిణికి చెప్పాను. చెప్పాలని నిబంధన. బోర్డు గురించి ఆమె పెద్దగా పట్టించుకోలేదు. శిక్షణ అనగానే చేతిలో చీపురు ఆగిపోయింది.

"ఇరవయ్యొక్క రోజులా? ఇది ఇంకా నా పాలే తాగుద్దండి. మాయమ్మ లేదు, మా అత్తగారు లేరు. ఆయన డ్యూటీకెళ్తే వీళ్ళనెవరు చూత్తారు?"

"నిబంధనల్లో దానికి జవాబు లేదక్కా." అప్పటిదాకా 'అండి' అంటూ వచ్చినవాణ్ణి, అక్కా అని నోటికి ఎలా వచ్చిందో తెలియదు.

ఆమె పిల్లల్ని పిలిచి వరసలో కూర్చోబెట్టింది. "నవ్వండర్రా," అంది. వాళ్ళు తల్లి ముఖంలోకి చూశారు. "నవ్వమంటన్నానా! ఒక్కళ్ళూ నవ్వరేం? నవ్వకపోతే వీపు పగులుద్ది!"

ముగ్గురూ ఒకేసారి ఏడుపు లంకించుకున్నారు. ఆమె కూడా చీపురు పక్కన పడేసి వాళ్ళ మధ్యే చతికిలబడింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

పదిహేడో రోజు పొద్దున రిత్విక్ తన మూడుచక్రాల సైకిల్‌కు ఆయిలు మార్చాడు. నాన్న బస్సులకు మారుస్తాడు గదా. కొబ్బరినూనె డబ్బా మొత్తం హాల్లో ఖాళీ చేసి, సైకిల్ కింద పడుకుని పని చూసుకుంటున్నాడు. ఆ సంగతి నాకు తెలియదు. మంచినీళ్ళ కోసం లేచి రెండడుగులు వేశాను. మూడో అడుగు ఎక్కడ వేశానో చెప్పలేను. స్టూలు ఒకవైపు, ట్యాబ్ ఒకవైపు ఎగిరాయి. నేను వెళ్ళి, జాడించడానికి పెట్టిన బట్టల టబ్బులో కాళ్ళు పైకెత్తి కూర్చున్నాను. నా తలమీద పాప గౌను పడింది.

 ముందు పాప మొదలెట్టింది. చిగుళ్ళు మొత్తం కనిపించాయి, రెండు సెకన్ల పైనే. ఆ తర్వాత రిత్విక్. మోక్షిత గోడ పట్టుకుని కిందికి జారిపోయింది. ఒకరు ఆపితే ఇంకొకరు, నన్ను చూసి మళ్ళీ ముగ్గురూ. నేను టబ్బులోనే కూర్చుని వేళ్ళమీద లెక్కపెట్టాను. నూట నాలుగు.

నిజాయితీగా నమోదు చేశాను. 'నవ్వుకు కారణం' అన్న గడిలో 'గణకుడు పడుట' అని రాశాను.

అలా రాయకుండా ఉండాల్సింది. నాలుగు రోజుల్లో ప్రధాన కార్యాలయం నుంచి సర్క్యులర్ వచ్చింది. 'రాష్ట్రవ్యాప్త సమాచారమును లోతుగా విశ్లేషించిన పిమ్మట, గణక పతనమునకును శిశు హాసమునకును విడదీయరాని సంబంధము గలదని తేలినందున, ఇకమీదట ప్రతి గృహ గణకుడును దినమునకు మూడు పర్యాయములు, అనగా అల్పాహార, భోజన, ఉపాహార వేళలందు, విధిగా పడవలెను. పడినట్లు నటించరాదు. పిల్లలపై పడరాదు. పడుటకు ముందు ఇంటివారి లిఖితపూర్వక అనుమతి పొందవలెను.'

పడడంలో ఒకరోజు శిక్షణ కూడా ఇచ్చారు. ఒక వ్యాయామోపాధ్యాయుడు వచ్చి ముందుకు, వెనక్కు, పక్కకు పడడం చూపించాడు. ఇద్దరు గణకులకు చేతులు విరిగితే వాళ్ళకు ప్రశంసాపత్రాలు ఇచ్చారు.

మర్నాడు అనుమతి పత్రం మీద సుభాషిణి సంతకం తీసుకుని, సరిగ్గా ఎనిమిదింటికి పడ్డాను. పిల్లలు అట్లు తింటూ చూశారు.

"ఈ అంకుల్ పడట్లేదమ్మా, పడుకుంటన్నాడు," అంది మోక్షిత.

ఒంటిగంటకు మళ్ళీ పడ్డాను. రిత్విక్ వచ్చి నామీంచి సైకిల్ పోనిచ్చాడు. నాలుగింటికి పడేసరికి సుభాషిణే, "తమ్ముడూ, ఇంక లే. నడుం పట్టేసుద్ది. టీ ఎట్టేను," అంది. ఆ రోజు నవ్వులు మూడు. సైకిల్ గంట మోగినందుకు పాప నవ్వినవి.

ఈ వైఫల్యానికి కారణం కనుక్కోవడానికి పానకాలరావు గారు స్వయంగా తనిఖీకి వచ్చారు. ఇస్త్రీ చెదరని తెల్లచొక్కాతో గుమ్మంలోనే నిలబడి, "అసలు మీ ఇంట హాస్య వాతావరణమే కరువైనట్టున్నదే!" అని సుభాషిణిని గద్దించారు. "ఒక తల్లిగా సమాజం పట్ల మీ బాధ్యత ఏమిటో ఎన్నడైనా ఆలోచించారా? ఈ నెలాఖరుకు బోర్డు తప్పదు. ఇదిగో నేను..."

వేలు చూపిస్తూ ముందుకొచ్చారు. అంతకు నిమిషం ముందే పాప అక్కడ కూర్చుని లేచింది, లాగు లేకుండా. పానకాలరావు గారి రెండు కాళ్ళూ రెండు వైపులకు వెళ్ళిపోయాయి. ఆయన పెద్ద శబ్దంతో నేలమీద కూర్చున్నారు. చూపుడువేలు మాత్రం ఇంకా గాలిలోనే ఉంది.

నవ్వులు రెండు వందల ముప్ఫైరెండు. రిత్విక్‌కు ఎక్కిళ్ళు వచ్చాయి. పానకాలరావు గారు లేచి, ప్యాంటు దులుపుకుని, నా ట్యాబ్ వైపు చూశారు. మొదటిసారి ఆయన కళ్ళలో మెరుపు కనిపించింది.

"గణకుడు పడితే నూట నాలుగు. జిల్లా అధికారి పడితే రెండు వందల ముప్ఫైరెండు," అన్నారు నెమ్మదిగా. "పతన ఫలము హోదాతో పాటు పెరుగుచున్నది. దీన్ని పైకి రాయాలి."

రాశారు. గ్రాఫు కూడా జతచేశారు. గీత పైకి పోతూనే ఉంది. ఆ గీత చివర ఎవరుండాలో గ్రాఫు చూసిన ఎవరికైనా అర్థమవుతుంది. పదిరోజుల తర్వాత ఫోను వచ్చింది. కమిషనర్ గారు స్వయంగా ఆ ఇంటికి విచ్చేసి, పత్రికల వారి సమక్షంలో పడుటకు దయతో అంగీకరించారు. అప్పటిదాకా ఆ ఇంటికి బోర్డు ఆపమన్నారు.

ఆయన వచ్చే రోజు వీధి మొదట్లోనే షామియానా వేశారు. హాల్లో సామానంతా పై డాబామీదికి చేర్చి, నాలుగంగుళాల పరుపు ఒకటి తెచ్చి పరిచారు. కమిషనర్ హోదాకు నాలుగంగుళాలని పానకాలరావు గారే నిబంధనల పుస్తకం చూసి చెప్పారు. పిల్లలకు తొమ్మిదింటికల్లా కొత్తబట్టలు వేయించారు. బట్టలు పాడవుతాయని ఏమీ తిననివ్వలేదు, ఆడుకోనివ్వలేదు. కమిషనర్ గారు పదింటికి రావాలి.

పదిన్నరకు రిత్విక్ చొక్కా విప్పేశాడు. పదకొండుకు మోక్షిత, ఆ పడే తాతగారు ఎక్కడిదాకా వచ్చారని అడిగింది. పన్నెండుకు పాప రాగం తీసింది. సుభాషిణి ఇంక ఎవరి మాటా వినకుండా ముగ్గురికీ పెరుగన్నం పెట్టింది. ఒంటిగంటకు ముగ్గురూ ఆ పరుపుమీదే అడ్డదిడ్డంగా పడి నిద్రపోయారు.

ఒంటిగంటా ఇరవైకి కమిషనర్ గారి కారు ఆగింది. ముందు పానకాలరావు గారు పరుగున లోపలికొచ్చి పరుపు చూశారు. "లేపండి! వెంటనే లేపండి!" అన్నారు.

సుభాషిణి పరుపుకు అడ్డంగా నిలబడింది. "లేపనండి."

"అమ్మా, రాష్ట్రం మొత్తం ఈ ఇంటివైపు చూస్తోంది!"

"చూడనీండి. పొద్దున్నించీ బిగించి కూర్చోబెట్టేరు పసోళ్ళని. ఇప్పుడే కళ్ళు మూసేరు. ఎవరైనా లేపితే సాయంత్రందాకా ఆ లేపినోళ్ళే ఎత్తుకోవాలి ముగ్గుర్నీ." ఆమె గొంతు పెంచలేదు. పిల్లలు లేస్తారని గుసగుసగానే అంది. అయినా పానకాలరావు గారు ఒకడుగు వెనక్కి వేశారు.

అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్న కమిషనర్ గారు ఇదంతా విన్నారు. బక్కపలచటి మనిషి. కళ్ళకింద నల్లటి చారలు. ఆయన కూడా గొంతు తగ్గించి, "మరి నేను ఏం చెయ్యాలమ్మా?" అని అడిగారు.

"పడతానికొచ్చేరు కదండీ, పడండి. చప్పుడు చెయ్యకుండా పడండి."

విలేకరులు చెప్పులు విప్పి మునివేళ్ళమీద లోపలికి వచ్చారు. కమిషనర్ గారు పరుపు చివర ఖాళీ చూసుకుని, ముందు మోకాలు మోపి, తర్వాత మోచెయ్యి మోపి, చాలా జాగ్రత్తగా పక్కకు పడ్డారు. చీమ చిటుక్కుమన్నంత చప్పుడైనా కాలేదు. పానకాలరావు గారు చేతులు తగలకుండా చప్పట్లు కొట్టారు.

కమిషనర్ గారు లేవబోయేంతలో రిత్విక్ నిద్రలోనే ఒకసారి పొర్లి, కుడికాలు తెచ్చి ఆయన పొట్టమీద వేశాడు.

"కదలకండి," అంది సుభాషిణి వేలు ఎత్తి. "వాడు మొదటి నిద్రలో ఉన్నాడు."

ఆయన కదల్లేదు. పైన ఫ్యాను తిరుగుతోంది. మేమంతా గోడలకు ఆనుకుని నిలబడ్డాం. అయిదు నిమిషాలు గడిచాయి. కమిషనర్ గారి కళ్ళు మూతపడ్డాయి. ఇంకో రెండు నిమిషాలకు సన్నగా గురక మొదలైంది. ఇప్పుడు ఆయన్ను లేపడానికి ఎవరికీ అధికారం లేదు. కలెక్టరాఫీసు వాళ్ళు, విలేకరులు, పోలీసులు, అందరం గంటా యాభై నిమిషాలు అలాగే నిలబడ్డాం. ఎవరికో దగ్గు వస్తే మెట్లు దిగి వీధిలోకి వెళ్ళి దగ్గి వచ్చాడు.

సుభాషిణి వంటింటి గుమ్మంలో నిలబడి, గోడవారగా నిలబడ్డ మమ్మల్నందర్నీ ఒక చివర్నుంచి ఇంకో చివరిదాకా చూసింది. చూసి, చటుక్కున పమిట కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ ఇంటికి వచ్చిన నెలన్నరలో ఆమె నవ్వడం అదే మొదటిసారి చూడటం.

పానకాలరావు గారు నా చెవి దగ్గరికి వంగి, "అది లెక్కలోకి వస్తుందా?" అన్నారు ఆశగా.

"తల్లులకు గడి లేదు సార్."

మూడుంబావుకు రిత్విక్ తనంతట తానే కాలు తీశాడు. కమిషనర్ గారు లేచి కూర్చున్నారు. ముఖం తేటగా ఉంది. పదేళ్ళ చిన్నవారిలా కనిపించారు. చుట్టూ చూసి, విలేకరుల మైకులు దగ్గరికి రానిచ్చి, గంభీరంగా అన్నారు. "మన రాష్ట్రానికి కావలసింది నవ్వు కాదు. నిద్ర."

ఆ సాయంత్రానికి శిశు మందహాస మిషన్ రద్దయింది. పసుపు బోర్డులు, తల్లుల శిక్షణ, గణకుల పతనం అన్నీ దాంతోపాటే పోయాయి. తొమ్మిదో రోజున శిశు సుషుప్తి మిషన్ పుట్టింది. నా కాంట్రాక్టు పొడిగించారు. అదే ఇల్లు ఇచ్చారు. కొత్త నిబంధనలు రెండే. పగటిపూట పిల్లలు కనీసం ఆరు గంటలు నిద్రించవలెను. నిద్రించుచున్నదీ లేనిదీ గణకుడు ప్రతి అరగంటకు ఒకసారి వారిని లేపి, అడిగి నిర్ధారించుకొనవలెను.

ఆ కాగితం తీసుకుని కొబ్బరి మార్కెట్ వెనక వీధికి వెళ్ళాను. సుభాషిణి గుమ్మంలోనే దాన్ని రెండుసార్లు చదివి, నాకు తిరిగి ఇచ్చేసింది. తలుపు తీసి పట్టుకుంది గానీ, రమ్మని అనలేదు, వద్దని అనలేదు.

"మీరు తలుపేసుకోండక్కా. నేను ఇక్కడే మెట్లమీద కూర్చుంటాను," అన్నాను.

కూర్చుని ట్యాబ్ తెరిచాను. లోపల కంచం ఒకటి నేలమీద పడి చాలాసేపు గిరగిరా తిరిగింది. పాప ఏడుస్తోంది. సైకిల్ తలుపుకు గుద్దుకుంది. నేను మొదటి అరగంట గడిలో 'ముగ్గురూ గాఢ నిద్ర' అని వేశాను. కాసేపు ఒంట్లో ఎలా ఉందో చూసుకున్నాను. బాగానే ఉంది. రెండో గడిలో కూడా అదే వేశాను.

మోక్షిత కిటికీ ఊచలకు ముఖం ఆనించింది. "అంకుల్, ఏం రాత్తన్నారు?"

"మీరు నిద్రపోతున్నారని."

"నేను లేచే ఉన్నా కదా!"

"ఉండమ్మా, పర్లేదు."

"కళ్ళు మూసుకోవాలా?"

"అక్కర్లేదు."

"మాట్లాడొచ్చా?"

"మాట్లాడొచ్చు."

మోక్షిత నావైపు అనుమానంగా చూసి, తర్వాత లోపలికి తిరిగి గొంతు చించుకుని అరిచింది.

"అమ్మా! మనమందరం నిద్రపోతన్నామంట! ఇంక ఎంత గోలైనా చేసుకోవచ్చంట!"